పొట్ట మీద పేగు

మా చిన్నవాడు పుట్టిన రోజు దొడ్డికి పోలేదు. మర్నాడు మధ్యాహ్నమైనా పోలేదు. నాకు కడుపు కోసి బిడ్డను తీశారు కాబట్టి పక్కకు ఒత్తిగిలడానికే అవస్థ పడుతున్నాను. బిడ్డకు గుడ్డలు మార్చేది, ఒళ్లు తుడిచేది, నా దగ్గర పాలకు పట్టించేది అంతా మా అత్తే. నలుగురు పిల్లల్ని కని పెంచిన మనిషి. మా వీధిలో ఎవరికి కాన్పయినా మొదటి వారం ఆమె చేతుల మీదే నడుస్తుంది. గుడ్డలకు దొడ్డి మరక అంటకపోవడం నాకంటే ముందు ఆమే చూసింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఇంటికెళ్లి ఆముదం సీసా, రెండు తమలపాకులు కొంగులో పెట్టుకుని వచ్చింది. తొడిమను ఆముదంలో ముంచి బిడ్డకు వెనక పెట్టింది. గాలి, దాని వెనకే నల్లటి దొడ్డి చిమ్మినట్టు వచ్చాయి. పక్క మంచం వాళ్లు చూసి నవ్వారు. సాయంత్రం నర్సు వచ్చి బిడ్డ దొడ్డికి పోయాడా అని అడిగితే, పోయాడని మా అత్త చెప్పింది. అది అబద్ధం కాదు.

మాది నరసరావుపేట. చిలకలూరిపేట రోడ్డు మీద పరుపుల కొట్టు ఉంది. ముందు గదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. మా ఆయన దూది ఏకే మిషన్ దగ్గర ఉంటాడు, నేను పరుపు గుడ్డలు, దిండు గలీబులు కుడతాను. మేం ముస్లింలమైనా ఇంట్లో మాట్లాడేది తెలుగే, మా అమ్మమ్మల కాలం నుంచీ అంతే. వీడికంటే ముందు ఒక ఆడపిల్ల. దాన్ని పెంచడం కష్టమని నాకెప్పుడూ అనిపించలేదు. పాలు తాగింది, పడుకుంది, పెరిగింది. వీడూ అట్లాగే పెరుగుతాడనుకున్నాను.

వీడు పెరగలేదు. పాలు తాగేవాడు గానీ కాసేపటికే మూలుగుతూ కాళ్లు పొట్ట మీదికి ముడుచుకునేవాడు. నెల నిండేసరికి చేతులు, కాళ్లు పుల్లల్లా ఉండి, పొట్ట మాత్రం బిగించిన డప్పులా ఉండేది. చర్మం కింద నీలం నరాలు కనపడేవి. తనంతట తను దొడ్డికి పోయేవాడే కాదు. రెండు మూడు రోజులు చూసి మా అత్త తొడిమ పెట్టేది, గాలీ దొడ్డీ కలిసి వచ్చేవి, పొట్ట కాస్త దిగేది, బిడ్డ నిద్రపోయేవాడు. ఆ నిద్ర చూసి మేమూ నిద్రపోయేవాళ్లం. కొంతమంది పిల్లలకు మలబద్ధకం ఉంటుందనీ, అన్నం తినడం మొదలెడితే అదే సర్దుకుంటుందనీ అత్త అనేది. నాకు వేరే మాట తెలియదు కాబట్టి ఆ మాటే పట్టుకున్నాను.

ఒక ఉదయం వాడు పచ్చగా కక్కాడు. పాలు కాదు, ఆకు నూరిన రసంలాంటి పచ్చ. రెండోసారి కక్కినప్పుడు అత్త తమలపాకు కోసం లేవలేదు. బిడ్డను నా ఒళ్లో పెట్టి, కొట్లోకి వెళ్లి మిషన్ ఆపించింది.

మా ఊళ్లో పిల్లల డాక్టరు పొట్ట మీద చెయ్యి వేసి, తొడుగు వేసుకున్న వేలితో వెనక పరీక్ష చేసి, ఇది తన దగ్గర అయ్యేది కాదన్నాడు. వెంటనే గుంటూరులో పిల్లల ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి తీసుకెళ్లమని, వాళ్లకు ఫోన్ కూడా తనే చేశాడు. మాకు దూది తెచ్చే వ్యానులోనే బయల్దేరాం. అత్త బిడ్డ పొట్ట మీద అరచెయ్యి ఆనించి, గుంటూరు దాకా ఎత్తకుండా అట్లాగే ఉంచింది.

అక్కడి సర్జన్ నడివయసు ఆవిడ. బిడ్డకు ముక్కులోంచి గొట్టం వేయించి, పొట్టలో గాలి తీయించి, వాడు కాస్త తెరిపిన పడ్డాకే మాతో మాట్లాడింది. వెనకనుంచి తెల్లటి మందు ఎక్కించి ఎక్స్‌రేలు తీశారు. పేగు చివర్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ ఫలితం వచ్చేదాకా రోజూ సెలైన్ నీళ్లతో పేగు కడిగేవాళ్లు. ఫలితం వచ్చాక మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచి కూర్చోబెట్టింది.

"పేగంటే ఊరికే గొట్టం కాదమ్మా. లోపలున్నదాన్ని అదే కిందికి నెట్టుకుంటూ రావాలి. అట్లా నెట్టించే నరాలు మీవాడికి చివరి భాగంలో లేవు. పుట్టుకతోనే లేవు. అందుకే అక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది" అంది.

పుట్టాక తొలిసారి దొడ్డికి ఎప్పుడు పోయాడని ఆవిడ నన్ను అడిగింది. నేను రెండో రోజని చెప్పబోతుంటే అత్త కుర్చీలోంచి లేచి నిలబడింది.

"తనంతట తను పోలేదమ్మా. నేను తమలపాకు తొడిమ పెట్టా. పెట్టినప్పుడల్లా పోయేవాడు. మొన్నటిదాకా పెడతానే ఉన్నా. ఆసుపత్రిలో అడిగితే పోయాడన్నా గానీ ఎట్టా పోయాడో చెప్పలా."

మా ఆయన తల దించుకున్నాడు. నేను అత్త వైపు చూడలేకపోయాను. డాక్టరమ్మ కాసేపు కాగితాలు చూసి, "దానివల్ల జబ్బు రాలేదు పెద్దమ్మా. జబ్బు బయటపడటం ఆలస్యమైంది, అంతే. ఇకనుంచి పెట్టొద్దు" అంది.

ఆ 'అంతే' మా అత్తకు సరిపోలేదు. తిట్టి ఉంటే ఆమెకు తేలికగా ఉండేదేమో. బయట వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, ఆ పూట మంచినీళ్లు కూడా ముట్టలేదు.

మొదటి ఆపరేషన్‌లో పేగును పొట్ట మీదికి తెచ్చి అక్కడ కుట్టారు. బిడ్డ బలం పుంజుకునేదాకా దొడ్డి అటునుంచే వస్తుందని, బరువు పెరిగాక పనిచేయని పేగు తీసేసి, బాగున్నదాన్ని కిందికి లాగి కలుపుతామని చెప్పారు. విన్నప్పుడు అర్థమైనట్టే ఉంది. నర్సు గుడ్డ ఎత్తి చూపించినప్పుడు మాత్రం వెనక్కి జరిగాను. బొడ్డుకు ఎడం పక్కన, కింది పెదవి తిరగేసినట్టు, ఎర్రగా తడిగా ఉంది. ముట్టుకుంటే వాడికి నొప్పి ఉండదని నర్సు నా చెయ్యి పట్టుకుని పెట్టించింది. వెచ్చగా ఉంది. వాడు నా ముఖంలోకి చూస్తూ వేలు చీకుతున్నాడు. పొట్ట మెత్తగా, పల్చగా దిగిపోయి ఉంది. పుట్టిన తర్వాత వాణ్ని అంత స్థిమితంగా చూడటం అదే మొదలు.

ఇంటికొచ్చాక నా పని అంతా ఆ ఎర్రటి పేగు చుట్టూనే తిరిగింది. అంటించే సంచులు ఇచ్చారు గానీ అంత చిన్న పొట్ట మీద అవి నిలిచేవి కావు. వాడు ఏడిచి పొట్ట ఎగరేస్తే ఊడిపోయేవి. ఊడినప్పుడల్లా కింద చర్మం చెక్కుకుపోయేది. చివరికి నర్సు చెప్పినట్టు గుడ్డలే కట్టాను. అత్త పాత నూలు చీరలు చించి ఇచ్చింది. మిషన్ మీద నడుంపట్టీలు కుట్టాను, ముడి వీపుకు గుచ్చుకోకుండా పక్కకు వచ్చేట్టు నాడాలు పెట్టి. గోరువెచ్చటి నీళ్లతో తుడవడం, ఆరనివ్వడం, చుట్టూ తెల్ల మందు మెత్తడం, గుడ్డ మడిచి పెట్టడం, పట్టీ కట్టడం. కట్టి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మళ్లీ తడిసేది. దండెం మీద గుడ్డలు ఆరకముందే బకెట్లో ఇంకో విడత నానుతుండేవి. వానాకాలంలో కొట్లో పరుపుల పైన తాడు కట్టి ఫ్యాను కింద ఆరేశాం. పరుపు కొనడానికి వచ్చినవాళ్లు తల వంచుకుని ఆ గుడ్డల కిందనుంచి నడిచేవాళ్లు. కొందరు ముక్కు మూసుకుని, మళ్లీ వస్తామని వెళ్లిపోయేవాళ్లు.

అలసట అంటే పని ఎక్కువై వచ్చేదనుకునేదాన్ని. అది కాదు. కుట్టుపని ఎంతయినా పూర్తయిన గలీబు పూర్తయినట్టే ఉంటుంది. ఇది పూర్తి కాదు. చేసిందే చేస్తూ, చేసింది కళ్లముందే చెడిపోతూ ఉంటే మనిషి లోపల ఏదో మొద్దుబారిపోతుంది. మా పెద్దది స్కూల్లో వేసిన బొమ్మ తెచ్చి చూపిస్తే బాగుందని అనేదాన్ని గానీ దేన్ని గీసిందో చూసేదాన్ని కాదు. మా ఆయన మొదట్లో గుడ్డ మార్చడానికి భయపడేవాడు. పరుపులోకి సూది ఎంత లోతు దిగాలో తెలిసిన చేతులు ఆ పేగు దాకా వచ్చి ఆగిపోయేవి. ఒకరోజు నేను కుట్టుమిషన్ మీద తల వాల్చి నిద్రపోయి లేచేసరికి బిడ్డకు పట్టీ కట్టి ఉంది, తిరగేసి. నేను సరిచేయలేదు.

ఆ మధ్యలో మా తమ్ముడి పెళ్లి వచ్చింది. మా పుట్టిల్లు ఎడ్లపాడు. తోడబుట్టినవాడి పెళ్లికి వెళ్లకుండా ఎట్లా ఉంటాను? వారం రోజుల ముందునుంచే గుడ్డలు ఉతికి సంచిలో సర్దుకున్నాను. నిఖా అయ్యేదాకా బిడ్డ బుద్ధిగానే ఉన్నాడు. భోజనాల దగ్గర, సరిగ్గా పళ్లెంలో అన్నం పెట్టించుకున్నాక, పట్టీ పక్కనుంచి కారింది. నా చీరకు, కింద పరిచిన జంపఖానాకు అంటింది. ఎదురుగా కూర్చున్న మా దూరపు బంధువు పళ్లెం ఎత్తుకుని ఇంకో వరసలోకి వెళ్లింది. పక్కవాళ్లు కూడా కాస్త కాస్త జరిగారు. నేను బిడ్డను ఎత్తుకుని షామియానా వెనక నీళ్ల డ్రమ్ముల దగ్గరికి పోయాను. మా అమ్మ వెనకే వచ్చి, నీళ్లు పోస్తూ, "ఇంకొన్నాళ్లు ఇంటి పట్టునే ఉంటే పోయేది గదమ్మా" అంది. నా మీద జాలితోనే అంది. నేను తల ఎత్తకుండా గుడ్డ పిండాను.

అత్త నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఒక చేతిలో తన పళ్లెం, ఇంకో చేతిలో నా పళ్లెం. నేను పట్టీ కట్టడం అయ్యేదాకా ఆగి, నా పళ్లెం అందించి, ఆ తడి నేల మీదే చీర దోపుకుని కూర్చుంది. మురికి గుడ్డలు మా ఇద్దరి మధ్యనే ఉన్నాయి. తినమని నాకు చెప్పలేదు. తను తినడం మొదలుపెట్టింది. కాసేపటికి నేనూ తిన్నాను. లోపలికి రమ్మని పెళ్లివాళ్లు పిలవడానికి వస్తే, ఇక్కడ గాలి బాగుందని చెప్పి పంపేసింది.

బరువు పెరిగాక, వాడు గోడ పట్టుకుని నిలబడే వయసులో, రెండో ఆపరేషన్ చేశారు. నరాలు లేని పేగు తీసేసి, బాగున్న పేగును కిందికి లాగి కలిపారు. పొద్దున లోపలికి తీసుకెళ్లిన బిడ్డను మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక బయటికి తెచ్చారు. మంచి పేగుకు రక్తం బాగా అందుతోందని, అనుకున్నట్టే జరిగిందని డాక్టరమ్మ చెప్పింది. పొట్ట మీద కట్టు ఉంది, ఆ ఎర్రటి పేగు లేదు. ఇంక అయిపోయిందనుకున్నాను.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. పేగును కలిపిన చోట మానేటప్పుడు బిగుసుకుపోతుందట. అట్లా బిగియకుండా, కొన్ని నెలలపాటు రోజూ ఇంట్లోనే సన్నటి ఇనుప కడ్డీ జెల్లీ రాసి వెనకనుంచి పెట్టాలన్నారు. నున్నగా, వేలికంటే సన్నగా ఉంటాయి అవి. మానేకొద్దీ లావు కడ్డీకి మారాలి. నర్సు చేసి చూపించింది. తర్వాత నా చేత చేయించింది. వాడు పెట్టిన కేకకు నా చేతిలోంచి కడ్డీ జారి కింద పడింది. బిడ్డ బాధ పోగొట్టడానికని ఇన్నాళ్లు తిరిగి, ఇప్పుడు రోజూ నా చేత్తోనే బాధ పెట్టాలా అని అడిగాను. డాక్టరమ్మ అవునంది. మెల్లగా తగ్గుతుందని, ఇది మానేస్తే మాత్రం మళ్లీ మొదటికొస్తుందని చెప్పింది.

వాడికి మాటలు రాకపోయినా అన్నీ తెలిసేవి. రబ్బరు గుడ్డ పరిస్తే చాలు, పాకుతూ తలుపు దాకా పోయేవాడు. మా ఆయన కాళ్లు పట్టుకోబోయి, మధ్యలో వదిలేసి బయటికి వెళ్లిపోయాడు. కొన్నాళ్లు ఎట్లాగో నెట్టుకొచ్చాను. వాడు ఏడుపు మధ్యలో తల ఎత్తి నన్నే చూసేవాడు. ఎవరు చేస్తున్నారో తెలిసిన చూపు అది. ఒకరోజు కడ్డీ కడిగి పక్కన పెట్టి, నా వల్ల కాదని అత్తకు చెప్పేశాను.

ఆమె నన్ను బతిమాలలేదు, కోప్పడలేదు. రబ్బరు గుడ్డ తనే పరిచింది.

"లే అమ్మాయ్. నువ్వు మానేస్తే అది మూసుకుపోయిద్ది, ఆయమ్మ చెప్పింది గదా. వాడి ముఖం నా వైపు తిప్పు. నేను పట్టుకుంటా. నువ్వు వాడికి కనపడమాక. ఏడుపేదో నన్ను చూసి ఏడవనీ."

ఆ రోజునుంచి అట్లాగే చేశాం. అత్త వాడి తల దగ్గర కూర్చుని, రెండు కాళ్లూ పైకెత్తి పట్టుకుని, ముఖం మీద ముఖం పెట్టి ఏవేవో చెప్పేది. మేకపిల్ల గురించి, బస్సు గురించి, నోటికొచ్చిందల్లా చెప్పేది. నేను కింద వైపు తల వంచుకుని పని ముగించి, చప్పుడు చేయకుండా అవతలికి వెళ్లిపోయేదాన్ని. కాసేపాగి చేతులు కడుక్కుని, ఏమీ తెలియనిదానిలా వచ్చి ఎత్తుకునేదాన్ని. వాడు నా మెడ కరుచుకుని, నాయనమ్మ వైపు వేలు చూపించి ఏడ్చేవాడు.

కొద్ది రోజుల్లోనే వాడు ఆమె దగ్గరికి పోవడం మానేశాడు. ఆమె చేతులు చాస్తే ముఖం తిప్పుకునేవాడు. పెరుగన్నం కలిపి తెస్తే నోరు బిగించేవాడు. వీధిలో వాళ్లు, ఏంది, మనవడు నీ దగ్గరికి రాడేంది అని అడిగితే, వాడికి వాళ్లమ్మ ఉంటే చాలు అనేది. పుట్టిన దగ్గర్నుంచి ఆమె పొట్ట మీదే పడుకున్న బిడ్డ వాడు. ఒకసారి, ఇకనుంచి మా ఆయన్నో, పక్కింటావిణ్నో పట్టుకోమందామని నేను అన్నాను. అత్త కందిపప్పు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"ఇంకొకళ్లు ఎందుకు. నేను పెట్టిన తొడిమ వల్లే గదా అన్నాళ్లు తెలవకుండా పోయింది."

డాక్టరమ్మ అట్లా అనలేదు గదా అన్నాను. అనలేదులే అంది. ఆ మాట మా మధ్య మళ్లీ రాలేదు.

దాంతో పాటే ఇంకొకటి. నిండా ఏడాది కూడా లేని బిడ్డ రోజంతా కొంచెం కొంచెంగా దొడ్డికి పోతూనే ఉండేవాడు. పిరుదులు పుండ్లయ్యాయి. నీళ్లు తగిలితే కెవ్వుమనేవాడు. మధ్యలో ఒకసారి జ్వరం వచ్చి, పొట్ట ఉబ్బి, భరించలేని కంపుతో నీళ్లలాగా పోయాడు. ఈ ఆపరేషన్ అయిన పిల్లలకు పేగు వాచే ప్రమాదం ఉంటుందని, అట్లాంటప్పుడు ఇంట్లో ఆగొద్దని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. ఈసారి ఎవరూ ఆగలేదు. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే ఉంది, అత్త స్టవ్ ఆపి చెప్పులు వేసుకుంది. గుంటూరులో పేగు కడిగి, మందులు ఎక్కించి, వాణ్ని మళ్లీ మామూలుగా చేసి పంపారు. వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరికినా నాకు నిద్ర పట్టలేదు.

కడ్డీలు మానేయొచ్చని డాక్టరమ్మ చెప్పిన రోజు మేం సంబరం చేసుకోలేదు. ఇంటికొచ్చి పడుకున్నాం. అత్త వాటిని కడిగి, ఆరబెట్టి, ఆసుపత్రికి తిరిగి ఇమ్మని మా ఆయన చేతికిచ్చింది. ఆ తర్వాత కూడా కొన్ని నెలలు వాడు ఆమెను దూరం దూరంగానే చూశాడు. ఆమె వాణ్ని పిలవలేదు, ఆశ పెట్టి లాక్కోలేదు. తన పని తను చేసుకునేది. నడక బాగా వచ్చాక, ఒక మధ్యాహ్నం ఆమె దూది మూట మీద తల పెట్టి పడుకుని ఉంటే, వాడు వెళ్లి ఆ మూట ఎక్కడం మొదలుపెట్టాడు. ఎక్కి, జారి, ఆమె పొట్ట మీద పడ్డాడు. పడి అక్కడే ఉండిపోయాడు. అత్త కళ్లు తెరవలేదు. మేలుకునే ఉందని నాకు తెలుసు.

వాడిప్పుడు ఒకటో తరగతి. పరిగెత్తుతాడు, అక్కతో కొట్లాడతాడు, పచ్చి మామిడికాయ తినొద్దంటే దాక్కుని తింటాడు. పొట్ట మీద చిన్న మడత లాంటి మచ్చ ఉంది. అడిగిన పిల్లలకు కుక్క కరిచిందని చెబుతాడు. పూర్తిగా తీరిపోయిందని మాత్రం చెప్పలేను. ఒక్కోసారి ఆటలో పడి తెలియకుండానే నిక్కరులో పోతుంది. బ్యాగులో ఇంకో నిక్కరు పెట్టి పంపుతాను, టీచరుకు చెప్పి ఉంచాను. అన్నం తిన్న తర్వాత రోజూ కాసేపు మరుగుదొడ్లో కూర్చోబెట్టాలి, తొందరపెట్టకూడదు. వయసొచ్చేకొద్దీ పట్టు వస్తుందని డాక్టరమ్మ అంటుంది. వస్తోంది కూడా, మెల్లగా. ఇన్నేళ్లలో ఎవరైనా వచ్చి మీ పిల్లలు ఎట్లా ఉన్నారని అడిగితే, వాడు దొడ్డికి ఎట్లా పోయాడన్నదే నాకు ముందు గుర్తొస్తుంది. బాగున్నారని చెప్పడానికి ఒక్క క్షణం పడుతుంది.

పోయిన వారం వాణ్ని కూర్చోబెట్టడానికి వెనకే వెళ్లాను. ఎప్పుడూ తలుపు దగ్గరే పీట వేసుకుని కూర్చుంటాను. వాడు లోపలికి వెళ్లి వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"నువ్వు రామాక. నేను పెద్దోణ్ని గదా" అని తలుపు వేసుకున్నాడు. గడియ అందక తంటాలు పడి, చివరికి పెట్టుకున్నాడు.

నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. లోపల వాడు స్కూల్లో నేర్చుకున్నదేదో పాడుకుంటున్నాడు. కడుక్కోవడానికి పిలుస్తాడేమోనని చూశాను. మగ్గు చప్పుడు, నీళ్ల చప్పుడు వినిపించాయి. పిలవలేదు. కొట్లోకి వెళ్లి మిషన్ ముందు కూర్చున్నాను. గలీబు సగంలో ఉంది. సూదిలో దారం కూడా ఉంది. కాలు ఆడలేదు.

అత్త గుమ్మంలోంచి చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉందన్నాను. ఏం చెయ్యాలో తోచట్లేదని చెప్పాను.

"చానా రోజులైంది గదే నువ్వు పడుకుని. పో, కాసేపు పడుకో" అంది.

వెళ్లి పడుకున్నాను.